ఆప్షన్లు లేని పేపరు

ఆదివారం వచ్చిందంటే అశోక్‌నగర్ మొత్తం ముసుగు తన్ని పండుకుంటది. ఆరు దినాలు కండ్లు పోయేటట్టు చదివిన పిల్లలకు ఆ ఒక్క పొద్దే నిద్ర. నేను మాత్రం అందరికన్నా ముందు లేచి, తలస్నానం చేసి, జడ ఎండక ముందే గల్లీల పడి ఉరుకుతుంటి. ఎందుకంటే ఆదివారం నేను టీచర్ని. మిగిలిన వారమంతా గ్రూప్స్‌కు చదివే పిల్లను. అంటే ఏ నౌకరీ లేనిదాన్ని, రేపు వస్తదని ఇంట్లో చెప్పుకునేదాన్ని.

అవి తెలంగాణ కోసం కొట్లాట జోరు మీదున్న రోజులు. ఇయ్యాల బంద్, రేపు ర్యాలీ, ఎల్లుండి రాస్తారోకో. నోటిఫికేషన్ ఇగ పడ్తది, అగ పడ్తది అంటుండిరి, పడకపోతుండె. జనగామ దిక్కు మా ఊరి నుంచి ట్రంకు పెట్టె మోసుకొని వచ్చి నేను అశోక్‌నగర్ల ఒక లేడీస్ హాస్టల్ల దిగి అప్పటికే రెండేండ్లు దాటింది. చిక్కడపల్లి లైబ్రరీల నేను కూసునే కుర్చీకి నా ఒళ్లు అచ్చు పడిందని మా రూమ్మేట్లు ఎక్కిరిస్తుండిరి.

అట్లాంటి టైంల ఒక పెద్దసారు మా హాస్టల్ గేటు కాడికి వచ్చి నిలబడ్డడు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు పోయే అడ్డదారిల ఒక చిన్న సర్కారు బడి ఉంటుండె, ఆ బడికి హెడ్మాస్టరు. వారమంతా అది పిల్లల బడి. ఆదివారం అదే గదులల్ల ఓపెన్ స్కూల్ నడుస్తది. మధ్యల చదువు బందు పెట్టినోళ్లు, బడి మొఖమే సక్కగ చూడనోళ్లు ఆ ఒక్కరోజు వచ్చి పాఠం విని, ఏకంగా పదో తరగతి పరీక్ష రాయొచ్చు. కాకపోతే ఆదివారం పాఠం చెప్పేటోళ్లే దొరుకుతలేరు.

"మీరు ఎట్లాగూ చదువుతనే ఉన్నరు కదమ్మా," అన్నడు సారు. "జర బిగ్గరగ చదువున్రి, మా వాళ్లు కూడా వింటరు."

ఆ మాటకు నవ్వొచ్చి, ఆ నవ్వుల పడి సరేనన్న. నాతోపాటు మా హాస్టల్ పిల్లలు ఇంకో ఇద్దరు, ముగ్గురు తయారైన్రు.

మొదటి ఆదివారం క్లాసుల అడుగు పెట్టంగనే, వామ్మో, ఇది క్లాసా, పెండ్లి బస్సా అనిపించింది. పసిపిల్లను ఒళ్లె పండుకోబెట్టుకున్న చిన్న వయసు తల్లి ఒకామె. బుర్ఖా పక్కకు మడిచి పెట్టి, బేకరీల పని నుంచి సీదా వచ్చిన ఇంకొకామె. పెండ్లిళ్లల్ల బ్యాండు కొట్టే ఒకాయన. పూలమ్మే అక్కజెల్లెండ్లు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బిడ్డ, ఆమెకు ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష, పుస్తకంల ఇంకో భాష. దోమలగూడ నుంచి ఒక ఆటో అన్న, ఖాకీ అంగీతోనే వచ్చి ఆటో కనబడేటట్టు కిటికీ పక్కనే కూసుంటుండె. కోడలు నవ్వుతదని కొడుకు ఇంటికి తెలువకుండ వచ్చే ఒక పెద్దమ్మ. పదిహేనేండ్ల పోరి, యాభై దాటిన తాత, అందరికీ అదే బెంచీ, అదే పుస్తకం. చిన్నపిల్లల బెంచీలు కద, మోకాళ్లు పట్టక అందరూ పక్కకు తిరిగి కూసుంటుండిరి.

ఆఖరి బెంచీల తల మీద కొంగు కప్పుకొని ఒకామె. నేను హాజరు పిలుస్తుంటే మొఖం దించుకుంటున్నది. దగ్గరికి పోయి చూస్తే, ఇగ ఏం చెప్పాలె, మా హాస్టల్ మెస్సుల వంట చేసే అక్క! పొద్దున నా ప్లేట్ల ఉప్మా వేసిన చేయి, ఇప్పుడు పెన్ను పట్టుకొని ఉన్నది.

"అక్కా, నువ్వా!" అని నేను అరిచేసరికి క్లాసంతా తిరిగింది.

"మెల్లగ, మేడం," అన్నది అక్క, నవ్వు ఆపుకుంట. అంతకుముందు నన్ను ఎప్పుడూ 'పిల్లా' అనే పిలిచేది. ఆ రోజు సంది ఒక ఒప్పందం లెక్క అయింది. వారమంతా వంటింట్లో నేను పిల్లను, ఆదివారం బడిల మేడంను.

సంగతి సాయంత్రం చెప్పింది, చపాతీలు ఒత్తుకుంట. అక్క పెనిమిటి ఒక సర్కారు ఆఫీసుల పనిచేస్తుండె. జబ్బు చేసి పోయిండు. ఆ ఆఫీసోళ్లు భార్యకు నౌకరి ఇస్తం అన్నరు, కానీ పదో తరగతి పాసై ఉండాలె. అక్క పాలమూరు దిక్కు ఊళ్లె ఐదు దాంక చదివింది. గడువు వచ్చే ఎండాకాలం దాంక. ఆ ఒక్క పరీక్షనే. పాసైతే నౌకరి, ఫెయిలైతే మల్ల రాసుకోవచ్చు గని, నౌకరి మాత్రం ఆగదు.

"ఏడో తరగతి చదివే బిడ్డ ఉన్నది. మీ హాస్టల్ల ఎన్నేండ్లు చపాతీలు ఒత్తాలె, చెప్పు," అన్నది. తర్వాత ఇంకో మాట కూడా అన్నది. "కవాడిగూడల మా నల్లా కాడ ఆడోళ్లు ఏమంటున్నరు తెలుసా? నీకేందే, మొగడు పోతూ పోతూ నౌకరి ఇచ్చిపోయిండు, అంటున్నరు. ఇచ్చిపోయిండట! నేను చదువుడు ఎవ్వరికీ కనబడతలేదు."

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఆ నల్లా కాడికి పోయి వాళ్ల బిందెలన్నీ తన్ని రావాలె అనిపించింది. అట్ల చెయ్యలేదు గని, ఈమెను పాస్ చేయించకపోతే నా పేరు మార్చుకుంట అని మనసుల గట్టిగ అనుకున్న.

ఇగ షురూ చేసినం. మాకు చదువు చెప్పుడు అంటే ఒక్కటే తెలుసు. బిట్లు. ఒక ప్రశ్న, కింద నాలుగు ఆప్షన్లు, అండ్ల ఒకటి కరెక్టు. గ్రూప్స్‌కు చదివేటోళ్ల బతుకంతా గదే. కోఠికి పోయి పాత పుస్తకాల దుకాణాలల్ల పదో తరగతి బిట్ బ్యాంకులు వెతికి తెచ్చినం. సోషల్ అయినా బిట్టే, సైన్స్ అయినా బిట్టే. నేను ప్రశ్న చదివి ఆప్షన్లు చెప్పంగనే క్లాసు మొత్తం లేచి "బీ! బీ!" అని ఒక దిక్కు, "సీ!" అని ఇంకో దిక్కు. క్రికెట్ మ్యాచ్ చూసినట్టే ఉంటుండె. బ్యాండు అన్న కరెక్టు జవాబుకు బెంచీ మీద దరువేస్తుండె. ఆటో అన్న అయితే వారమంతా సవారీలను బిట్లు అడిగి పరేషాన్ చేసి, ఆదివారం వచ్చి మాకు ముచ్చట చెప్తుండె. వంటక్క చేయెత్తిందంటే జవాబు తప్పు పోదు. సారు వరండాల నిలబడి ఆ లొల్లి విని మురిసిపోతుండె. నేనైతే నేల మీద లేను. మా హాస్టల్ పిల్లలకు రోజూ అదే చెప్పుడు, మా క్లాసు చూడున్రి, ఎట్ల దూసుకపోతున్నదో.

చలికాలం పోయే టైంకు సారు ట్రయల్ పరీక్ష పెట్టిండు. పోయిన ఏడు వచ్చిన అసలు పేపరే పంచిండు. అందరూ పేపరును ముందటికీ వెనకకూ తిప్పి చూసిన్రు. కాసేపటికి ఆటో అన్న చేయెత్తిండు.

"మేడం, పేపరు సగమే అచ్చయింది. ఆప్షన్లు పడలే."

నేను పేపరు చూడనన్నా చూడలే. "అచ్చయిన కాడికి రాయున్రి అన్నా," అన్న. క్లాసుల గుసగుసలు లేచినై. ఆటో అన్న వెనకకు తిరిగి ఏందో చెప్పిండు. అంతే, అందరూ తలలు వంచి రాసుడు మొదలు పెట్టిన్రు. ఏం రాసుడు అనుకున్నరు! కాగితం మీద పెన్ను పరుగే. నాకైతే పాణం లేచొచ్చింది.

పరీక్ష అయినంక సారు ఒక పేపరు నా చేతుల పెట్టిండు. వంటక్కది. ప్రశ్న: నీటి కాలుష్యానికి కారణాలు వివరించండి. కింద అక్క గుండ్రటి అక్షరాలతోని రాసింది:

ఎ) ఫ్యాక్టరీల మురికి
బి) మోరీల నీళ్లు
సి) ట్యాంక్‌బండ్‌ల నిమజ్జనం బొమ్మలు వేసుడు
డి) పైవన్నీ

డి చుట్టూ సున్న చుట్టింది. మంచిగ, ముద్దుగ.

ఇంకో పేపరు తీసిన. అదీ గంతే. ఇంకోటి, అదీ గంతే. ఆప్షన్లు అచ్చు కాలేదని అందరూ ఎవరి ఆప్షన్లు వాళ్లే వేసుకొని, అండ్ల కరెక్టుది వాళ్లే పెట్టుకున్నరు! ఆటో అన్న చెప్పింది గదే అన్నట్టు, "మనమే వేసుకుందాం" అని. తప్పు ఆప్షన్లు కూడా ఎంత నమ్మేటట్టు వేసిన్రు అంటే, బిట్ బ్యాంకు రాసేటోడు కూడా కాళ్లు మొక్కాలె.

"ఇగ చెప్పమ్మా," అన్నడు సారు, కండ్లద్దాలు తీసి తుడుచుకుంట. "దీనికి సున్న వెయ్యాల్నా, పదికి పది వెయ్యాల్నా?"

సారుకు నవ్వు ఆగుతలేదు. నాకూ కడుపుబ్బ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వీ నవ్వీ తల ఎత్తేసరికి గుమ్మం కాడ వంటక్క నిలబడి ఉన్నది. ఆమె నవ్వుత లేదు. సారు ఆమెకు మెల్లగ చెప్పిండు, అసలు పరీక్షల ఆప్షన్లు కొన్నిటికే ఉంటయి, మిగిలినవాటికి సొంతంగ వాక్యాలు రాయాలె అని.

అక్క నా దిక్కు చూసింది. "ఎండాకాలం దగ్గరికొచ్చింది, పిల్లా," అన్నది.

ఆదివారం బడిల నన్ను పిల్లా అన్నది అదే మొదటిసారి. నవ్వంత దిగిపోయింది.

హాస్టల్‌కు పోయి అందరి మీద ఎగిరిన. బిట్లు తప్ప ఇంకేం తెలువదా మీకు అని ఒర్లిన. వాళ్లు నన్ను చూసి, "నీకు తెలుసా?" అన్నరు. గదీ నిజమే. ఏం చెయ్యాలె? నాలుగైదు నెలల బిట్లు కడుపుల పెట్టుకున్నోళ్లను ఇప్పుడు మల్ల మొదటి పాఠం నుంచి ఎట్ల తేవాలె?

తెల్లారి టీ కోసం వంటింట్లకు పోయిన. అక్క ఉల్లిగడ్డలు కోస్తున్నది, మొఖం ముడుచుకొని. ఊకోలేక ఒక బిట్టు విసిరిన. "అక్కా, గ్రామ పంచాయతీ పని ఏంది? ఎ, వీధి దీపాలు. బి, రైళ్లు నడుపుడు."

"ఎ," అన్నది తల ఎత్తకుండనే.

"బి ఎందుకు కాదు?" అన్న. కారణం ఏం లేదు, ఊరికెనే నోట్లకెళ్లి వచ్చింది.

అక్క కత్తి పక్కకు పెట్టింది. "రైలా! మా ఊరి పంచాయతీ నల్లానే సక్కగ ఇయ్యదు, రైలు నడుపుతదా? రైలుకు ఢిల్లీల పెద్ద సర్కారు ఉన్నది. పంచాయతీ అంటే మోరీలు తియ్యాలె, దీపాలు వెయ్యాలె, నీళ్లియ్యాలె, పుట్టినోళ్లను సచ్చినోళ్లను రాసుకోవాలె. గిది చేతకానోళ్లు రైలు నడుపుతరా!"

నేను ఎగిరి గంతేసిన. టీ నా మీదనే ఒలికింది. "అక్కా! గదే! గదే రాయి! ఇంతే జవాబు!"

"తిట్లు రాయాల్నా?"

"తిట్టు, అక్కా, తిట్టు! తప్పు ఆప్షన్‌ను ఎందుకు తప్పో తిట్టు, కరెక్టుదాన్ని ఎందుకు కరెక్టో చెప్పు. పేపరు మీదికి వచ్చేటప్పుడు తిట్లు తీసేద్దాం!"

అట్ల తిరిగింది బండి. మా వాళ్ల బిట్లు ఏవీ వృథా పోలే. ఆప్షన్లు మీరే వేసుకోన్రి, మాకేం కోపం లేదు, కానీ ఒక్కొక్క ఆప్షన్ పక్కన 'ఎందుకంటే' అని రాసి పేజీ దాటే దాంక ఆగొద్దు. ఇదే రూలు. ఆ తర్వాతి ఆదివారం క్లాసుల లొల్లి ఇంకింత పెరిగింది. ఇప్పటిదాంక బీ అని అరిచేటోళ్లు ఇప్పుడు "ఎందుకంటే!" అని అరుస్తున్నరు. పెద్దమ్మ సైన్సు జవాబు కోడలిని దెప్పినట్టే చెప్పింది. బేకరీ చెల్లె పిండి పొంగే ముచ్చట సగం ఉర్దూల, సగం తెలుగుల చెప్తే వాచ్‌మన్ బిడ్డ పుస్తకం భాషల పెట్టి రాసింది. బ్యాండు అన్న దరువు మాత్రం మారలే.

అక్కకు చేయి తిరుగుడు ఒక్కటే బాకీ. చెప్తే వానే, రాస్తే మాత్రం చినుకు చినుకు. రోజూ రాయాలె, రాయాలంటే టైం కావాలె. టైం యాడికెళ్లి వస్తది, మా అందరికీ మూడు పూటలు వండి పెడుతుంటే? మా హాస్టల్ పిల్లలందరం కూసొని ఒక నిర్ణయం చేసినం. సాయంత్రం వంట మాది. అక్క వంటింటి గడప మీద కూసొని రాస్తది, మేము పొయ్యి కాడ వండుతం, ఆమె తల ఎత్తకుండనే "పప్పు అడుగంటుతున్నది" అంటది. ఏం తిన్నమో ఆ రెండు నెలలు, చెప్పుకుంటే సిగ్గు. రసం అంటే వేడినీళ్లు, అన్నం అంటే ఒకనాడు గంజి, ఒకనాడు రాళ్లు. హాస్టల్ నడిపే ఆంటీ మొదట్ల కస్సుమన్నది. తర్వాత మా చపాతీల ఆకారాలు చూసి, చూడలేక, తానే చపాతీ కర్ర గుంజుకున్నది.

పరీక్షల టైం వచ్చింది. సెంటరు నారాయణగూడ దిక్కు ఒక స్కూల్ల పడ్డది. సోషల్ పరీక్ష నాడు పొద్దుగాల లేచి చూస్తే చౌరస్తా మొత్తం రాస్తారోకో. బస్సులు ఆగినై. అక్క హాల్‌టికెట్ పట్టుకొని గేటు కాడ నిలబడ్డది. ఇంతల మా హాస్టల్ ముందర కుయ్‌కుయ్‌మని హారను. మా ఆటో అన్న! ఆటో అద్దానికి తెల్ల కాగితం అంటించి ఉన్నది, 'పదో తరగతి పరీక్ష' అని. లోపల అప్పటికే బేకరీ చెల్లె, పెద్దమ్మ, బ్యాండు అన్న ఒకరి మీద ఒకరు ఉన్నరు. అక్కను ఎక్కించి నేను పక్కకు వేలాడిన.

చౌరస్తాల పోరగాండ్లు జెండాలు పట్టుకొని ఆటోకు అడ్డం వచ్చిన్రు. ఒకడు లోపలికి వంగి చూసి, "ఎవరికి పరీక్ష? పిల్లలేరి?" అన్నడు.

"మాకే," అన్నది పెద్దమ్మ. "నేనే పిల్లను. జరుగు బిడ్డా, టైం అయితున్నది."

వాడు ఒక్క క్షణం బిత్తరపోయి, వెనకకు తిరిగి గట్టిగ ఈల వేసిండు. అంతే! జనం రెండు పాయలైన్రు. డప్పులు ఇంకింత జోరందుకున్నై. "జై తెలంగాణ! మంచిగ రాయున్రి అక్కా! జై తెలంగాణ, అవ్వా!" అని రెండు దిక్కులా అరుపులు. ఆటోల మా బ్యాండు అన్న ఆ డప్పుకు తోడు సీటు మీద దరువు. నా ఒళ్లంతా పులకరించింది, ఇప్పటికీ తలుచుకుంటే పులకరిస్తది.

పరీక్ష అయిపోయి గేటు తీసినంక అందరికన్నా ఆఖరికి వచ్చింది అక్క. చేతి వేండ్లు వాచినై. నేను ఉరికి పోయి, "ఎట్ల రాసినవ్?" అన్న.

"అడిషనల్ అడిగిన, పిల్లా!" అన్నది. "ఇచ్చిన కాగితాలు సాల్లే. లేచి నిలబడి, సార్, అడిషనల్ అని అడిగిన!"

రోడ్డు మీదనే ఇద్దరం చేతులు పట్టుకొని ఎగిరినం.

ఇగ ఫలితాల కోసం చూసుడు. ఎండలు మండుతున్నై, అక్క గడువు దగ్గరికొస్తున్నది. కూర్ల ఉప్పు రెండుసార్లు వేస్తున్నది, లేకుంటే అసలే వేస్త లేదు. ఎవ్వరం ఏం అంటలేము. ఫలితాల నాడు అశోక్‌నగర్ల నెట్ సెంటర్‌కు మేమందరం ఒక్కసారే పోయినం. ఆ చిన్న రూముల ఫ్యాను తిరుగుత లేదు, సైటు తెరుచుకుంట లేదు. అక్క లోపలికి రాలే. బయట మెట్ల మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూసున్నది. నేను హాల్‌టికెట్ నంబరు కొట్టుడు, ఆ తెర మీద గుండ్రం తిరుగుడు, మల్ల కొట్టుడు.

తెరుచుకున్నది. తెలుగు పాస్. సోషల్, అబ్బో, బ్రహ్మాండం. సైన్సు పాస్. ఇంగ్లీషు పాస్. లెక్కలు... లెక్కలు సరిగ్గ గీత మీద. ఒక్క మార్కు తగ్గినా పోయేది. కానీ తగ్గలే!

నేను ఎట్ల బయటికి వచ్చిన్నో యాదికి లేదు. కుర్చీ పడ్డది, ఎవరి కాలో తొక్కిన. మెట్ల మీద అక్కను పట్టుకొని ఊపిన. ఊపుతనే ఉన్న.

"చెప్పు పిల్లా, ఊపుడు తర్వాత!"

"పాసైనవే అక్కా! పాసైనవ్!"

అక్క అక్కడ్నే కూలబడి ఏడ్చింది. తర్వాత కండ్లు తుడుచుకొని, "ఆటో అన్న నంబరు చూడు," అన్నది. ఆటో అన్న ఇంగ్లీషుల తన్నేసిండు. "పోతే పోనీ, మిగతావి గట్టెక్కినయి, ఓపెనే కద, మల్ల రాస్త," అని నవ్విండు. పెద్దమ్మ అన్నీ పాస్, కోడలికి కూడా చెప్పింది. సారు ఆ సాయంత్రం అందరి మార్కులు చూసి తల ఊపిండు. పొద్దంత ఖాళీగ ఉన్న కుర్ర పిల్లలే ఎక్కువ ఫెయిలైన్రు, పసిపిల్లలను ఒళ్లె పెట్టుకొని వచ్చినోళ్లు, పని నుంచి సీదా వచ్చినోళ్లు నిలబడ్డరు.

నెల తిరగక ముందే అక్కకు ఆర్డరు వచ్చింది. అప్పుడు తట్టింది మాకు. డిగ్రీలు, పీజీలు, కోచింగులు, రాత్రింబవళ్లు చదువులు, ఇన్ని ఉన్న మా హాస్టల్ల మొట్టమొదటి సర్కారు నౌకరి వంటక్కకు! కుళ్లుకునే ఓపిక కూడా లేదు ఎవ్వరికీ, అంత సంబురం.

అశోక్‌నగర్ల ఏ గోడ చూసినా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలే కద. ర్యాంకులు వచ్చినోళ్ల ఫొటోలు, దండలు, అభినందనలు. మేమందరం కలిసి ఒక ఫ్లెక్సీ చేయించినం. స్టూడియోల తీసిన అక్క ఫొటో, నవ్వకుండ, జాకెట్టుకు పిన్నీసుతోని. కింద 'మా హాస్టల్ తొలి విజేత'. రెండు పెద్ద కోచింగ్ ఫ్లెక్సీల నడుమ కట్టినం. పొద్దున్నుంచీ పోరగాండ్లు ఆగి చూసుడే. "ఈ మేడం ఏ గ్రూపు? ఏ కోచింగ్?" అని మమ్మల్ని అడుగుడే. "ఆదివారం బడి," అని చెప్తుంటిమి. వాళ్లు అది ఎక్కడుందని వెతుకుతుండిరి.

మొదటి రోజు ఆఫీసుకు పోవుకుంట అక్క ఆ ఫ్లెక్సీ ముందర ఆగింది. "ఎందుకే గింత పెద్దగ, పెండ్లికి వేసినట్టు," అని మమ్మల్ని కోప్పడ్డది. అంతల ఊరి నుంచి అప్పుడే బస్సు దిగిన ఒక పిల్ల, నా లెక్కనే ట్రంకు పెట్టె పట్టుకొని, ఫొటో దిక్కు ఒకసారి, అక్క దిక్కు ఒకసారి చూసింది.

"అక్కా, ఇది మీరేనా? నౌకరి కొట్టిన్రా?"

అక్క చేతుల సంచి సర్దుకున్నది. నల్లా కాడ ఎవరికీ చెప్పని జవాబు, ఎవరో తెలువని ఆ పిల్లకు చెప్పింది.

"నౌకరి మా ఆయనది, బిడ్డా. పాసు మాత్రం నాది."